మెస్టర్, మేస్త్రి, ఉక్కు: షెఫీల్డ్ పనిశాలల్లో పలుకుబడి చరిత్ర

ఒక మాట, రెండు హోదాలు

కత్తులు, కత్తెరలు, కొడవళ్ళు చేసే పనివారి కోసం షెఫీల్డ్ నగరంలో 1624లో ఒక వృత్తిసంఘం ఏర్పడింది. పార్లమెంటు చట్టం ద్వారా పుట్టిన ఆ సంఘం పేరు కంపెనీ ఆఫ్ కట్లర్స్ ఇన్ హాలమ్‌షర్. దాని అధ్యక్షుణ్ణి మాస్టర్ కట్లర్ అంటారు. ఆ పదవి నేటికీ ఉంది. నగరంలో మేయరు తరువాత అంతటి మర్యాద దానికే దక్కుతుంది. అదే నగరంలో, అదే వృత్తిలో, మరొక రకం మనిషి ఉండేవాడు. ఎవరిదో పెద్ద భవనంలో ఒక చిన్న గదినో, ఒక సానరాతి ముందు చోటునో అద్దెకు తీసుకొని, ఒకరిద్దరు శిష్యులను పెట్టుకొని, వచ్చిన పనిని చేసిచ్చి బతికేవాడు. అతన్ని లిటిల్ మెస్టర్ అనేవారు.

మాస్టర్, మెస్టర్ అన్నవి రెండు మాటలు కావు. ఒకే మాటకు రెండు ఉచ్చారణలు. చట్టంలోకి, విందు పత్రికలలోకి ఎక్కినది మొదటిది. పనిశాలలో నోటినుంచి నోటికి నడిచినది రెండవది. కాలక్రమంలో ఈ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగిందంటే, ‘లిటిల్ మాస్టర్’ అని దిద్ది పలికితే షెఫీల్డ్‌లో అది మరేదో అర్థం ఇస్తుంది. దిద్దుబాటే తప్పవుతుంది.

తెలుగువారికి ఈ చీలిక కొత్త కాదు. బడిలో పాఠం చెప్పేవాడు మాస్టారు. గోడ కట్టించేవాడు, యంత్రాల షెడ్డులో పని పురమాయించేవాడు మేస్త్రి. మాస్టారు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మేస్త్రి అంతకుముందే పోర్చుగీసు వారి ‘మెస్త్రె’ నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. రెండింటికీ మూలం లాటిన్‌లోని ‘మగిస్తెర్’ అన్న ఒకే పదం. షెఫీల్డ్ మెస్టర్‌కూ అదే మూలం. లాటిన్ పదం ఒకటే అయినా, అది ఏ దారిన ఎవరి నోట నడిచి వచ్చిందో దాన్నిబట్టి ఒకచోట గౌరవపదమైంది, మరొకచోట చేతిపనివాడి పేరైంది. పనిశాల పదాల ఉచ్చారణను చరిత్రగా చదవవచ్చుననడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు.

పనిముట్టు పేరు ఎలా పలకాలి అన్న ప్రశ్న సాధారణంగా నిఘంటువు ముందు ఆగిపోతుంది. కాని నిఘంటువులోకి చేరే ఉచ్చారణ ఏదో ఒక వర్గం నోటిది. షెఫీల్డ్ ఉక్కు చరిత్రను ఈ కోణంలో చూస్తే కొన్ని మాటలు ఎలా నిలిచాయో, కొన్ని ఎలా చెడ్డాయో, ఆ చెడిన మాటలతోపాటు ఏం పోయిందో తెలుస్తుంది. ఆ చెడిన మాటల్లో మొదటిది దక్షిణ భారతానిది.

ఉక్కు ‘వూట్జ్’ అయిన కథ

1794లో బొంబాయిలో పనిచేస్తున్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు, లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు కొన్ని ఉక్కు ముద్దలను పంపాడు. ఇక్కడివారు దీన్ని ‘వూట్జ్’ అంటారని తెలిపాడు. ఆ ముద్దలను పరీక్షించిన జార్జ్ పియర్సన్ కూడా వైద్యుడే. ఆయన పరిశోధన పత్రం 1795లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ శీర్షికలోనే, బొంబాయిలో తయారై, అక్కడ వూట్జ్ అని పిలవబడే ఉక్కు అన్న వర్ణన ఉంది. ఐరోపా శాస్త్ర సాహిత్యంలో ఆ మాట అప్పటినుంచి స్థిరపడింది. నేటికీ లోహశాస్త్ర గ్రంథాలలో అదే పేరు.

అయితే బొంబాయిలో గాని, మరెక్కడ గాని ఉక్కును వూట్జ్ అని పిలిచే భారతీయ భాష లేదు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు దీనికి ఒక వివరణ ఇచ్చింది. కన్నడంలో ‘ఉక్కు’ అనే మాటను ఎవరో ‘వూక్’ అని రాసి ఉంటారు. చేతిరాతలోని చివరి అక్షరాన్ని తప్పు చదవడంవల్లనో, నకలు తీయడంలో పొరపాటువల్లనో అది వూట్జ్ అయి ఉంటుంది. తరువాతి పండితులలో ఎక్కువమంది ఈ వివరణనే ఆమోదించారు.

ఇందులో తెలుగు చదువరి ఆగి గమనించవలసిన సంగతి ఒకటుంది. ‘ఉక్కు’ మొదట్లో వకారం ఎక్కడినుంచి వచ్చింది? అది పొరపాటు కాదు. తెలుగులోను, కన్నడంలోను పదం మొదట ఉ, ఒ లాంటి అచ్చులు ఉంటే సహజమైన మాటలో వాటి ముందు సన్నని వకారం పలుకుతుంది. ‘ఒక’ను ‘వొక’ అని, ‘ఉండు’ను ‘వుండు’ అని రాసినవారు ఇప్పటికీ ఉన్నారు. ఉక్కును ‘వుక్కు’ అని పలికిన నోటిని విన్నవాడు దాన్ని ఇంగ్లీషులో డబ్ల్యూతో మొదలుపెట్టడం సబబే. కనుక ఆ పదం మొదటి సగాన్ని చెవి సరిగా పట్టుకుంది. చివరి సగాన్ని కన్ను చెడగొట్టింది.

పోయింది ఒక హల్లు మాత్రమే కాదు. ‘ఉక్కు’ అన్న మాటకు ద్రావిడ భాషల్లో ఒక కుటుంబం ఉంది. తమిళంలో ఉక్కును ‘ఉరుక్కు’ అంటారు. ‘ఉరుకు’ అంటే కరగడం. పాత కన్నడంలో ‘ఉర్కు’. అంటే, కరిగించి చేసినది అన్న తయారీ విధానమే ఆ పేరులో ఉంది. ఐరోపాలో అప్పటికి వాడుకలో ఉన్న ఉక్కులో అధికభాగం కరిగించినది కాదు, బొగ్గుపొడిలో పెట్టి రోజుల తరబడి కాల్చినది. దక్షిణ భారతపు ఉక్కు ప్రత్యేకత ఏమిటో ఆ పేరే చెబుతోంది. వూట్జ్ అన్న రూపంలో అది ఏమీ చెప్పదు. ఆ మాటను విన్న షెఫీల్డ్ మనిషికి అది ఒక వింత సరుకు పేరు.

తరువాతి దశాబ్దాలలో ఈ ఉక్కును గురించి రాసినవారిలో కూడా వైద్యులే ఎక్కువ. ఫ్రాన్సిస్ బుకానన్ 1800-01లో మైసూరు సీమ తిరిగి, ఉక్కు కొలుములను చూసి, 1807లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. ఆయన వైద్యుడు. తెలుగునాట ఇనుము తీసే పద్ధతులను 1814 నాటి గ్రంథంలో రాసిన బెంజమిన్ హెయిన్ శస్త్రవైద్యుడు. లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సీ నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో ఉక్కు చేయడాన్ని కళ్ళారా చూశాడు. 1824లో ఆయన చనిపోగా, 1832లో ఆ వర్ణన కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికే అక్కడికి వచ్చిన వర్తకుణ్ణి కలిసిన సంగతి కూడా అందులో ఉంది.

ఆ ఊరి పేరును ఆంగ్ల గ్రంథాలు తరచు ‘కోనసముందరం’ అని రాస్తాయి. చదువుకున్న తెలుగువాడికి అది తప్పులా కనిపిస్తుంది. కాని ‘సముద్రం’ పల్లెటూరి నోట ‘సముందరం’ కావడం తెలుగులో మామూలే. ఇక్కడ విన్నవాడు దిద్దకుండా రాశాడు. అందువల్ల ఊరి నోరు కాగితంలో మిగిలింది. ఒకే కాలంలో, ఒకే తరహా మనుషుల చేతుల్లో, ఊరి పేరు నిలిచి వస్తువు పేరు చెడింది.

మూస నుంచి మూసకు

షెఫీల్డ్‌లో కరిగించిన ఉక్కు కథ 1740ల్లో మొదలవుతుంది. బెంజమిన్ హంట్స్‌మన్ గడియారాల పనివాడు. డాంకాస్టర్ నుంచి షెఫీల్డ్ పక్కనున్న హాండ్స్‌వర్త్‌కు వచ్చి, గడియారపు స్ప్రింగులకు తగిన మేలి ఉక్కు కోసం మట్టి మూసల్లో ఉక్కును కరిగించే పద్ధతిని సాధించాడు. ఆ పద్ధతి నూరేళ్ళకు పైగా షెఫీల్డ్‌కు అన్నం పెట్టింది. నగరపు దక్షిణ అంచున అబీడేల్‌లో అలాంటి కొలిమి ఒకటి మ్యూజియంగా ఇప్పటికీ చూడవచ్చు.

పుస్తకాలలో ఆ పాత్రకు క్రూసిబుల్ అన్న లాటిన్ పేరు. కొలిమి దగ్గర దాన్ని ఎవరూ అలా అనలేదు. వాళ్ళకది ‘పాట్’, అంటే కుండ. ఆ కుండకు కావలసిన మట్టిని వట్టికాళ్ళతో గంటలకొద్దీ తొక్కేవారు. మట్టిలో ఒక్క రాయి మిగిలినా కుండ పగిలి, కరిగిన ఉక్కు నిప్పులో కలిసిపోతుంది. దాన్ని కాలు మాత్రమే కనిపెట్టగలదని వాళ్ళ నమ్మకం. కొలిమి నుంచి కుండను పైకి లాగేవాడు ‘పుల్లర్ ఔట్’. ఉక్కును అచ్చులోకి వంచేవాడు ‘టీమర్’. టీమ్ అంటే వంచడం. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషనుంచి ఉత్తర ఇంగ్లండు మాటల్లో మిగిలిన పాత క్రియ అది. దక్షిణాదివారి పుస్తక భాషలో అది దాదాపు మరుగుపడింది. షెఫీల్డ్ కొలిమి దగ్గర మాత్రం పనిపేరై బతికింది.

తెలుగులో ఆ పాత్ర పేరు మూస. కంసాలి వాడుకలో ఇప్పటికీ వినిపించే మాట. ఉక్కు మూసలను బంకమట్టిలో వరి ఊక కలిపి చేసేవారు. లోపల ఇనుప ముక్కలతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకు వంటివి పెట్టి మూతి మూసేవారని నాటి వర్ణనలు చెబుతాయి. ఆ కట్టె, ఆకు కాలి బొగ్గై ఇనుముకు కర్బనాన్ని ఇస్తాయి. ఇవాళ తెలుగు చదువరికి మూస అనగానే గుర్తుకు వచ్చేది మూస కథ, మూస సినిమా. కొలిమి చల్లారిన తరువాత మాట మిగిలి, అర్థం మాత్రం పలచబడింది.

ఈ రెండు మూసలూ ఒకచోట కలిసిన సందర్భాలు ఉన్నాయి. లండన్‌లో శస్త్రవైద్యుల కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ భారతీయ ఉక్కును మెచ్చుకొని వాడాడు. ఆయన యువకుడైన మైకెల్ ఫారడేతో కలిసి ఆ ఉక్కు రహస్యం కనిపెట్టాలని ప్రయోగాలు చేశాడు. వాటి ఫలితాలు 1820లో, 1822లో అచ్చయ్యాయి. ప్రయోగశాలలో కుదిరిన మిశ్రమాలను పెద్ద మోతాదులో కరిగించడానికి వాళ్ళు ఆశ్రయించింది షెఫీల్డ్‌లోని శాండర్సన్ సంస్థనే. శతాబ్దం తరువాత, 1882లో మాంగనీస్ ఉక్కును కనిపెట్టిన షెఫీల్డ్ పారిశ్రామికుడు రాబర్ట్ హాడ్‌ఫీల్డ్, ఫారడే మిగిల్చిన నమూనాలను తిరిగి పరీక్షించి 1931లో ఒక పుస్తకం ప్రకటించాడు. ఈ మొత్తం చరిత్రలో ఆ ఉక్కు పేరు వూట్జ్‌గానే ఉంది.

రెండో సందర్భం మరింత సూటిది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన జోసయ్య మార్షల్ హీత్ దక్షిణ ఆర్కాటు తీరాన పరంగిపేటలో ఐరోపా పద్ధతిలో ఇనుప కర్మాగారం పెట్టాడు. తరువాత షెఫీల్డ్ చేరాడు. కరిగే ఉక్కులో మాంగనీస్ సమ్మేళనం వేస్తే అది చక్కగా సాగుతుందని చూపి 1839లో పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు భారతీయ ఇనుము, ఉక్కులపై ఆయన వ్యాసం లండన్‌లో అచ్చయింది. ఆయన పద్ధతితో షెఫీల్డ్ ఉక్కు చవకైంది, ఎందరో ధనికులయ్యారు. హీత్ మాత్రం పేటెంటు వ్యాజ్యాలలో చిక్కుకొని 1851లో మరణించాడు. ఆయన మీద నెగ్గినవారి వాదనలో కీలకం ఒక మాట చుట్టూ తిరిగింది. పేటెంటులో రాసినది మాంగనీస్ కార్బురెట్. వాళ్ళు మూసలో వేసినది మాంగనీస్ ఆక్సైడు, తారు. అవి మూసలోనే కలిసి మొదటిదాన్ని ఇస్తాయి. చేతిపని ఒకటే అయినా, కాగితంలోని పేరు వేరు అయినందువల్ల నష్టం వచ్చింది.

సానగదిలో వైద్యులు

షెఫీల్డ్ మాటలు బయటి ప్రపంచానికి తెలియడానికి కత్తుల కన్న జబ్బు కారణమైన సందర్భం ఒకటుంది. కత్తులకు సానపట్టే పనిశాలను అక్కడ ‘వీల్’ అనేవారు. వీల్ అంటే చక్రం కాదు, మొత్తం మిల్లు. పోర్టర్ వాగు ఒడ్డున మిగిలివున్న షెపర్డ్ వీల్ అలాంటిది. అందులో సానరాళ్ళున్న ఒక్కొక్క గది ‘హల్’. కాని స్థానికుల నోట హకారం పలకదు కనుక అది ‘ఉల్’ అయ్యేది. రాయి తిరిగే నీటితొట్టి ‘ట్రో’. సానపట్టేవాడు గుర్రమెక్కినట్టు కూర్చునే పీట ‘హార్సింగ్’. రాయి, లోహం అరిగి తడిసి పేరుకున్న పసుపుపచ్చని బురద ‘స్వార్ఫ్’. ఈ బురదతో ఉక్కు కాల్చే బట్టీల మూతులను మూసేవారు. బట్టీలో కాలి గట్టిపడిన ఆ పెంకులను ‘క్రాజిల్’ అంటారు. షెఫీల్డ్ పాత గోడల తలమీద నల్లగా, కరకుగా ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ బురదలోను, ఆ గది గాలిలోను ఉన్నది ఇసుకరాతి పొడి, అంటే పలుగురాతి పొడి. ఆవిరి యంత్రాలు రాకముందు వాగుల ఒడ్డున, వానలున్నప్పుడే నడిచే చిన్న గదుల్లో పని ఉండేది. ఆవిరి వచ్చాక నగరం మధ్య కిక్కిరిసిన గదుల్లో ఏడాది పొడుగునా సాన తిరిగింది. నీళ్ళు లేకుండా పొడిరాతిమీద ఫోర్కులు, సూదులు సానపట్టేవారు యౌవనంలోనే దగ్గుతో, ఆయాసంతో క్షీణించేవారు. షెఫీల్డ్ వైద్యుడు ఆర్నల్డ్ నైట్ 1830లో దీని మీద పత్రం రాశాడు. పొడిరాతి మీద పనిచేసేవారి సగటు ఆయుర్దాయం ముప్ఫయి అయిదేళ్ళకు అటూ ఇటూ అని, తడిరాతివారు నలభై అయిదు దాటడం అరుదని ఆయన చెప్పిన మాటను తరువాత ఎంగెల్స్ తన పుస్తకంలో వాడుకున్నాడు. 1843లో జార్జ్ కాల్వర్ట్ హాలండ్ ఈ ఊపిరితిత్తుల జబ్బుల మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు.

ఆ పత్రాలలో జబ్బు పేరు గ్రైండర్స్ ఆస్త్మా. వైద్యుడి నిర్వచనం ప్రకారం అది ఉబ్బసం కాదు. తరువాతి కాలంలో సిలికోసిస్ అని పేరుపొందినది, చాలాసార్లు క్షయతో కలిసి వచ్చేది. నైట్, హాలండ్‌లు పనివాళ్ళ పేరును గ్రీకు పేరుతో దిద్దలేదు. గ్రైండర్ అన్న మాటను అలాగే ఉంచారు. ఆ మాట ఉన్నంతవరకు జబ్బుకు కారణం ఏమిటో ఎవరూ మరచిపోలేరు. ఉక్కు పేరు వూట్జ్‌గా మారినప్పుడు తయారీ విధానం మరుగున పడ్డట్టే, జబ్బు పేరులోంచి వృత్తి తొలగినప్పుడు దాని కారణం మరుగున పడుతుంది. వైద్యుడు రోగి నోటి మాటను ఎలా రాసుకుంటాడు అన్నది ఇక్కడ ప్రాణాలతో ముడిపడిన విషయమైంది.

ఆకురాళ్ళ పని మరొక ఉదాహరణ. ఆకురాయి మీద పళ్ళను ఉలితో, సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టేవారిని షెఫీల్డ్‌లో ‘నికర్ పెకర్స్’ అనేవారు. వడ్రంగిపిట్టకు వాళ్ళ యాసలో ఉన్న పేరది. ఆ టకటకకు తగిన పేరు. పని చేస్తున్నప్పుడు ఆకురాయి జారకుండా, పళ్ళు చెడకుండా దాని కింద సీసపు దిమ్మ పెట్టేవారు. ఆ సీసం చేతులనుంచి అన్నంలోకి, అన్నంలోనుంచి నరాలలోకి చేరి, మణికట్టు వాలిపోయేది. పక్షి పేరులో నవ్వు ఉంది, పనిలో విషం ఉంది.

చెవి చదువు, కంటి చదువు

పనిముట్ల పేర్లు ఎలా పలకాలో తెలుగువాడికి రెండు దారుల్లో తెలిసేది. చేతిపనివాడు మేస్త్రి నోట విని నేర్చుకునేవాడు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్ళినవాడు పుస్తకంలో చూసి నేర్చుకునేవాడు. రాసినట్టు పలికే, పలికినట్టు రాసే లిపికి అలవాటుపడిన కన్ను ఇంగ్లీషు స్పెల్లింగును నమ్మింది. అందుకే రెంచ్‌లోని డబ్ల్యూ, నర్ల్‌లోని కె ఎందుకున్నాయో తెలియక తడబడింది. గేజ్‌ను స్పెల్లింగు చూసి ‘గాజ్’ అంది. మైక్రోమీటర్ అన్న ఒకే అక్షరాల కూర్పు కొలత అయితే ఒకలా, పరికరమైతే ‘మైక్రామిటర్’ అని ఊనిక మార్చి మరోలా పలుకుతుందని పుస్తకం చెప్పదు. లేత్ చివర ఉండే ధ్వని తెలుగు త, థ, ద, ధలలో ఏదీ కాదు. నాలుక పళ్ళ మధ్యకు వచ్చి, కంఠంతో కలిసి రాపిడిగా పలికే ఆ ధ్వనికి తెలుగు లిపిలో అక్షరమే లేదు.

చెవితో నేర్చుకున్న మేస్త్రి ఈ తప్పులు చేయలేదు. అతని నోట అది ‘రెంచి’, ‘గేజి’. అతను చేసిన మార్పులు వేరు. పదం చివర ఉకారం చేర్చి నట్టు, బోల్టు, వైసు అన్నాడు. బహువచనపు సకారాన్ని తీసేసి ప్లయర్స్‌ను కటింగ్ ప్లేరు చేశాడు. స్క్రూ ముందు ఇకారం పెట్టి ఇస్క్రూ అన్నాడు. హాక్‌సాను యాక్సా బ్లేడు చేశాడు. ఇవన్నీ తెలుగు నోటి నియమాల ప్రకారం జరిగినవే. తప్పులని కొట్టివేయడానికి వీలులేనివి.

ఇక్కడ షెఫీల్డ్ ఒక చిన్న విడ్డూరాన్ని చూపిస్తుంది. హాక్‌సా రంపాల బ్లేడులకు లోకమంతా పేరు మోసిన ఎక్లిప్స్ ముద్ర షెఫీల్డ్‌లోని జేమ్స్ నీల్ సంస్థది. ఆ బ్లేడు చేసిన పనివాడు కూడా దాన్ని హాక్‌సా అనలేదు. వాళ్ళ యాసలో హకారం లేదు. హామర్ వాళ్ళకు ‘యామర్’, హాక్‌సా ‘యాక్సా’. తెనాలిలోనో, వరంగల్‌లోనో యాక్సా అన్న మెకానిక్‌ను దిద్దే ఇంజనీరుకు, ఆ వస్తువు పుట్టిన ఊరివాళ్ళు మెకానిక్ పక్షాన నిలుస్తారని తెలియదు. ఈ రెండు ఉచ్చారణలూ ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు. వేర్వేరు భాషల్లో వేర్వేరు కారణాలతో ఒకే చోటికి చేరాయి.

ఉకారం సంగతి కూడా అంతే. తెలుగు బడిలో ‘కట్’ను ‘కుట్’ అని చదివిన పిల్లవాడు దెబ్బలు తిన్నాడు. దక్షిణ ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలో ఆ అచ్చు రెండుగా చీలింది. ఉత్తరాన చీలలేదు. అందువల్ల షెఫీల్డ్ మనిషికి కట్లర్ ఇప్పటికీ ‘కుట్లర్’కు దగ్గరగా, నట్ ‘నుట్’కు దగ్గరగా పలుకుతుంది. ఆ పిల్లవాడు పలికినది స్పెల్లింగును నమ్మి. షెఫీల్డ్ మనిషి పలికేది తాతముత్తాతలను నమ్మి. ఉత్తర ఇంగ్లండు ఆసుపత్రులలో చేరిన తెలుగు వైద్యులకు మొదట అర్థం కానిది ఈ అచ్చే.

మాంచెస్టర్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలన్నింటికీ ఒకే కోణం, 55 డిగ్రీలు, ఉండాలని ప్రతిపాదించాడు. ఒకచోట చేసిన నట్టు మరోచోట చేసిన బోల్టుకు పట్టడం దానితో సాధ్యమైంది. లోహానికి ప్రమాణం అవసరం. నోటికి అలాంటి ప్రమాణం ఎవరూ విధించలేదు, విధించినా పనిశాల వినలేదు. అయినా పని ఆగలేదు. బక్కింగ్‌హామ్ ఉచ్చారణ రాని షెఫీల్డ్ మెస్టర్, షెఫీల్డ్ ఉచ్చారణ రాని బెజవాడ మేస్త్రి, వందోవంతు మిల్లీమీటరు తేడా లేకుండా పనిచేశారు.

నోటి మాటకు నిలకడ

షెఫీల్డ్ మాటలను రాసిపెట్టే పని చాలా ముందుగానే మొదలైంది. ఆ ప్రాంత చరిత్రకారుడు జోసెఫ్ హంటర్ హాలమ్‌షర్ పదకోశం 1829లో వెలువడింది. 1839లో ఏబెల్ బైవాటర్ ‘ద షెఫీల్డ్ డయలెక్ట్’ అనే పుస్తకంలో సానగది పొయ్యి చుట్టూ చేరిన పనివాళ్ళ సంభాషణలను, వాళ్ళు పలికినది పలికినట్టుగా, నగరం పేరును కూడా ‘షెవిల్డ్’ అనే రాసి అచ్చువేశాడు. 1888లో సిడ్నీ ఆడీ షెఫీల్డ్ పరిసరాల పదకోశాన్ని తెచ్చాడు. జోసెఫ్ రైట్ 1898-1905 మధ్య ప్రకటించిన ఇంగ్లీషు మాండలిక నిఘంటువులోకి ఇవి చేరాయి. 1964లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ విడోసన్ భాషా జానపద సర్వే ఆరంభించాడు. అందుకే ఇవాళ సానగదులు లేకపోయినా హల్, ట్రో, హార్సింగ్ అంటే ఏమిటో, ఎలా పలికేవారో చెప్పగలుగుతున్నారు.

తెలుగులో ఇలాంటి పనికి గట్టి పునాది 1962లో పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. రెండవది, 1971లో వచ్చినది, చేనేత పదాలది. జిల్లా జిల్లాకూ తిరిగి, ఆ పని చేసేవారినే అడిగి, వారు పలికినట్టే రాసుకొని కూర్చిన కోశాలు అవి. అదే శ్రద్ధతో లేత్ షెడ్డులకు, వెల్డింగ్ దుకాణాలకు, మోటారు గ్యారేజీలకు వెళ్ళవలసి ఉంది. పానా, యాక్సా, ఇస్క్రూ, కటింగ్ ప్లేరు లాంటి మాటలు ఏ ఊళ్ళో ఏ రూపంలో ఉన్నాయో, వాటి పక్కన ఆకురాయి, దాగలి, పట్టకారు ఎంతవరకు మిగిలాయో రాసుకునే తరుణం దాటిపోతోంది. కంప్యూటరు నడిపే యంత్రం ముందు నిలబడిన యువకుడు తెరమీది మాటను చదువుతాడు. మేస్త్రి నోట వినడు.

ఉక్కు అన్న మాట ప్రయాణం ఇంకా ముగియలేదు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. ఆయన ఉక్కు కరిగించే పనివాడి కొడుకు, పన్నెండేళ్ళ వయసులో కర్మాగారంలో చేరినవాడు. తానుగా పెట్టుకున్న పేరు ‘రస్ట్‌లెస్’, తుప్పు లేనిది అని. స్టెయిన్‌లెస్ అన్న పేరు ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల సంస్థ మేనేజరు నోట వచ్చింది. ఆ లోహం తెలుగు వంటింట్లోకి ‘స్టీలు’గా వచ్చింది. తెలుగులో స్టీలు గిన్నె అంటే స్టెయిన్‌లెస్ గిన్నే. మామూలు ఉక్కును ఎవరూ స్టీలు గిన్నె అనరు. వూట్జ్‌గా బయటికి వెళ్ళిన మాట స్థానంలో స్టీలు తిరిగి వచ్చింది. 1966లో విశాఖపట్నంలో కర్మాగారం కోసం ఉద్యమించిన జనం మాత్రం పాత మాటనే నినాదంలో పెట్టారు. హక్కుతో ప్రాస కలిసింది కనుకనే కాదు, అది వాళ్ళ నోటి మాట కనుక కూడా. కర్మాగారం వచ్చాక రోజువారీ మాటలో అది ‘స్టీల్ ప్లాంటు’ అయింది. ఉక్కు బోర్డు మీద ఉంది.

తెలుగులో పలుకుబడి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మాట తీరు, మరొకటి మాట చెల్లుబాటు. షెఫీల్డ్ చరిత్రలో ఈ రెండూ విడివిడిగా లేవు. ఎవరి మాట చెల్లుతుందో వారి ఉచ్చారణే ఒప్పయింది. అయినా వినేవాడు ఓపికగా విన్నచోట చెల్లుబాటు లేనివాడి పలుకు కూడా నిలిచింది. కోనసముందరం అలా నిలిచింది, మెస్టర్ అలా నిలిచింది. 1926లో పుట్టి, పధ్నాలుగేళ్ళకే కత్తుల పనిలో చేరి, చివరిదాకా చేత్తోనే మడతకత్తులు చేసిన స్టాన్ షా 2021లో మరణించినప్పుడు, పత్రికలు ఆయన్ని చివరి లిటిల్ మెస్టర్‌లలో ఒకడని రాశాయి. ఎవరూ దాన్ని మాస్టర్ అని దిద్దలేదు.